వాలంటీర్లు నడిపిన తొలి ఆవిరి రైలు: ఇంజన్ల సంగతి తర్వాత, ముందు పట్టాలు చూడండి

అడిగింది రెండు ముక్కలు. వేల్స్‌లో వాలంటీర్లు చేతుల్లోకి తీసుకున్న టాలిలిన్ రైలు తొలి రోజుల్లో ఎలా నడిచింది? మన నౌపడా–గుణుపురం చిన్న రైలును అలాగే నిలబెట్టుకోగలిగేవాళ్లమా? ఈ విషయం ఎత్తితే చాలు, అందరూ ఇంజన్ల గురించే మొదలుపెడతారు. ఎన్ని చక్రాలు, ఏ రంగు, ఏ కంపెనీ, విజిల్ ఎలా మోగుతుంది అని. స్లీపర్ల గురించి, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే చెక్కల గురించి అడిగేవాడు మాత్రం ఒక్కడూ దొరకడు. టాలిలిన్‌ను 1951లో ముంచబోయినవీ, తర్వాత తేల్చినవీ పట్టాలే. కాబట్టి అక్కణ్ణుంచే చెబుతా.

బ్రిన్ ఎగ్లూయిస్ పలక క్వారీ నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న టవిన్‌కు పలకరాయి దించడానికి 1865లో వేసిన లైను ఇది. గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 2 అడుగుల 3 అంగుళాలు. అలాంటి గేజి ఆ దేశంలోనే అరుదు. 1911లో దీన్ని కొన్న సర్ హెన్రీ హేడన్ జోన్స్ స్థానిక ఎంపీ. 1946 చివర్లో క్వారీ కూలి మూతపడ్డాక కూడా, తాను బతికుండగా రైలు ఆగదని ఆయన పట్టుపట్టి వేసవిలో వారానికి కొద్ది రోజులు నడిపించాడు. 1950 జూలైలో పోయాడు. అదే ఏడు అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో రచయిత టామ్ రోల్ట్ ముందుండి ఒక సభ పెట్టాడు. అందులోంచే సంరక్షణ సంఘం పుట్టింది. 1951 ఫిబ్రవరిలో హేడన్ జోన్స్ భార్య ఒప్పుకోవడంతో వాటాలు చేతులు మారాయి. మే 14న మొదటి రైలు టవిన్ నుంచి రిడరోనెన్ దాకా, అంటే రెండు మైళ్ల పైచిలుకు, నడిచింది. జూన్ 4 నుంచి రోజువారీ సర్వీసు మొదలైంది.

ఇక్కడ ఒక చట్టపు కిటుకు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ రైలు కంపెనీ ఎప్పుడూ మూతపడలేదు. 1865 నాటి పార్లమెంటు చట్టం ఇచ్చిన హక్కులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. 1948లో దేశంలోని రైళ్లన్నిటినీ జాతీయం చేసినప్పుడు దీన్ని జాబితాలో చేర్చలేదు. వాలంటీర్లు కొత్తగా అనుమతి తెచ్చుకోవలసిన పని పడలేదు, ఉన్న కంపెనీలోకే అడుగుపెట్టారు. పక్క లోయలోనే, ఇదే గేజితో ఉన్న కోరిస్ రైలు 1948లో మూతపడింది, పట్టాలు పీకేశారు. అక్కడ మళ్లీ ప్రయాణికుల రైలు కదలడానికి 2002 దాకా పట్టింది. నడుస్తున్నదాన్ని కుంటుతూ అయినా నడిపించుకోవడం ఒక పని. పీకేశాక మళ్లీ వేయడం పది పనులు.

సరే, పట్టాలు. చాలాచోట్ల అవి తొలినాటి ఇనుప పట్టాలే. స్లీపర్లు పుచ్చిపోయాయి, దారి పొడవునా గడ్డి కమ్మేసింది. కొన్నిచోట్ల ఆ గడ్డి వేళ్లే పట్టాలను పట్టుకుని ఉన్నాయి. చూడ్డానికి బాగాలేదని ఉత్సాహంగా గడ్డి మొత్తం చెక్కేస్తే లైను విడిపోతుంది. ముందు స్లీపరు మార్చాలి, తర్వాతే గడ్డి. కొత్తగా వచ్చిన వాలంటీరుకు మొదట నేర్పవలసింది ఇదే. ఏ రైల్లోనైనా అతను మొదట చేసేది మాత్రం సరిగ్గా దీనికి తలకిందులు.

ఆ వేసవికి పనిచేసే ఇంజను ఒక్కటే: డోల్గోక్, 1866లో వైట్‌హేవెన్‌లో ఫ్లెచర్ జెన్నింగ్స్ కంపెనీ కట్టింది. దాని అక్కలాంటి ఒకటో నంబరు ‘టాలిలిన్’ ఎప్పుడో మూలన పడింది. ఒక్క ఇంజనుతో సీజను మొత్తం లాగడం పిచ్చిపని. అందుకని మూతపడ్డ కోరిస్ రైలు ఇంజన్లు రెండూ జాతీయ రైళ్ల సంస్థ బ్రిటిష్ రైల్వేస్ దగ్గర ఖాళీగా ఉంటే ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నారు. గేజి ఒకటే, ధర చవక, ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. మూడో నంబరు ఇంజనును (1878 నాటిది, తర్వాత ‘సర్ హేడన్’ అని పేరు పెట్టారు) పట్టాల మీద పెట్టి నడిపితే మాటిమాటికీ కింద పడింది. పక్కకు ఒరగడం కాదు, రెండు పట్టాల మధ్యలోకి దిగబడటం.

ఎందుకంటే, కాగితం మీద 2 అడుగుల 3 అంగుళాలున్న గేజిని కొలబద్ద పెట్టి చూస్తే నేల మీద సుమారు అర అంగుళం ఎక్కువ తేలింది. పాత కంపెనీ వాళ్లు అది కావాలనే అలా వేశారు. ఒకటో నంబరు ఇంజనును మొదట నాలుగు చక్రాలతో కట్టారు. వెనక భాగం బరువుగా వేలాడి ఇంజను ఎగిరెగిరి పడుతుంటే, వెనక ఇంకో జత చక్రాలు తగిలించారు. దాంతో చక్రాల వరస పొడుగైంది. వంపుల్లో అది బిగుసుకోకుండా ఉండాలని పట్టాలను కాస్త దూరంగా వేశారు. పాత ఇంజన్లు రెండిటికీ చక్రం పట్టా మీద ఆనే భాగం మామూలు కంటే వెడల్పు కాబట్టి ఈ లోటు ఎనభై ఏళ్లకు పైగా బయటపడలేదు.

కోరిస్ ఇంజను చక్రం సన్నం. ఒక వైపు చక్రం అంచు తన పట్టాకు ఆనుకుంటే, రెండో వైపు చక్రానికి పట్టా మీద మిగిలే ఆనుడు ఆ అర అంగుళం మేర తగ్గిపోతుంది. పుచ్చిన స్లీపరులో మేకు వదులై, బరువు పడగానే పట్టా ఇంకాస్త బయటికి ఒరిగితే, చక్రం జారి లోపలికి దిగుతుంది. దిగిన ఇంజనును జాకీలు, గట్టి చెక్క దిమ్మెలు, గునపాలు పెట్టి ఎక్కించవచ్చు. ఒక వైపు కొద్దిగా లేపి దిమ్మె దూర్చాలి, మళ్లీ కొద్దిగా లేపాలి. దిమ్మె పెట్టకుండా జాకీ మీదే నమ్మకం పెట్టి చెయ్యి కింద పెట్టకూడదు. ఎక్కించి చేతులు దులుపుకుంటే మాత్రం లాభం లేదు. దిగబడిన చోటికి అటూ ఇటూ నాలుగైదు స్లీపర్లు గేజి కడ్డీతో కొలిచి, వదులైన మేకులు పీకి, పాత బెజ్జంలో చెక్క మేకు దిగ్గొట్టి, కొత్త చోట మేకు వెయ్యాలి. అదే బెజ్జంలో అదే మేకు మళ్లీ కొట్టడం కంటితుడుపు. తర్వాత రైలు కూడా అక్కడే దిగుతుంది.

చివరికి మందు ఒకటే అయింది: లైను మొత్తాన్ని ముక్కముక్కగా సరైన గేజికి తిరిగి వేయడం. అలా చేస్తే ఒకటో నంబరు ఇంజను వంపుల్లో బిగుసుకుంటుంది కదా? దాన్ని పూర్తిగా తిరగకట్టి 1958లో మళ్లీ పనిలోకి దించేనాటికి, వెనక చక్రాలు పక్కకు కాస్త జరిగే వీలు కల్పించారు. ఇంజను జబ్బును పట్టాల మీద రుద్దిన పాత వాళ్ల లెక్కను ఇలా తిరగరాశారు. ఈలోగా రెండో కోరిస్ ఇంజను, నాలుగో నంబరు (1921, కెర్ స్టూవర్ట్), వచ్చేటప్పటికి కదిలే స్థితిలోనే లేదు. లీడ్స్‌లోని హన్స్‌లెట్ ఇంజన్ కంపెనీ అధిపతి జాన్ ఆల్కాక్ సంఘం సభ్యుడు. తన కర్మాగారంలో దాన్ని ఉచితంగా బాగుచేయించి ఇచ్చాడు. 1952లో అది పనిలోకి దిగింది. ఇలాంటి సభ్యుడు ఒక్కడుంటే వందమంది ఫోటోగ్రాఫర్లతో సమానం.

స్లీపరు కింద కంకర దట్టించడం గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది తప్పుగా చేస్తారు. దట్టించాల్సింది పట్టా కింద, దానికి రెండు పక్కలా. మధ్యలో వదులుగా ఉంచాలి. మధ్యలో బిగిస్తే స్లీపరు తిరగేసిన పడవలాగా ఊగుతుంది, చివర్లు విరుగుతాయి. ఇంకోటి, నీళ్లు పోయే కాలువ. కొండవాలు లైనులో ఎగువ పక్క కాలువ పూడిందంటే ఎంత కంకర వేసినా ఒక్క వానాకాలమే.

ఇంజను గురించి అసలు చెప్పలేదని అలగకండి, అదీ చెబుతాను. పొద్దున్నే మంట పెట్టేముందు గేజి గ్లాసులో, అంటే బాయిలర్ నీటి మట్టం చూపే గాజు గొట్టంలో, నీరు కనబడితే చాలదు. కింద డ్రెయిన్ కుళాయి తెరిచి నీరు వదిలి, మూశాక మట్టం చురుగ్గా లేస్తోందో లేదో చూడాలి. నెమ్మదిగా పాకుతుంటే దారి పూడిందన్నమాట. గాజులో కనిపించే మట్టాన్ని అప్పుడు నమ్మకూడదు. స్మోక్‌బాక్సులో (ఇంజను ముందు భాగంలో పొగ చేరే పెట్టె) బూడిద తోడేసి తలుపు గాలి చొరకుండా బిగించాలి, లేకపోతే మంట లాగదు. చిన్న ఇంజనే కదా అని గంటలో ఆవిరి లేపేవాళ్లున్నారు. చల్లబడ్డ బాయిలర్‌కు మూడు నాలుగు గంటలైనా ఇవ్వాలి. రాగి, ఇనుము ఒకే తీరుగా వ్యాకోచించవు, తొందరపెడితే ట్యూబులు (బాయిలర్ లోంచి వేడి పొగ పోయే గొట్టాలు) ప్లేటు దగ్గర కారడం మొదలుపెడతాయి. వేల్స్ ఆవిరి బొగ్గు ఆలస్యంగా అంటుకుంటుంది, అంటుకున్నాక పొగ తక్కువ, వేడి ఎక్కువ. దాన్ని కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి. గంపెడు ఒకేసారి కుమ్మరించి తలుపు తెరిచి పెడితే చల్లగాలి ట్యూబులకు తగిలి మళ్లీ అదే కారుడు.

టాలిలిన్‌లో ఇంజన్ల పొగగొట్టం కొండవైపే ఉంటుంది. ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి, తిప్పరు. అలా ఉంటే వాలుకు నీరు ఫైర్‌బాక్సు (వెనకవైపు మంట మండే పెట్టె) వైపే జారి, దాని పైకప్పు మునిగి ఉంటుంది. తిప్పి పెడితే ఆ పైకప్పే ముందు తేలుతుంది. తేలితే ఆ పైకప్పులో రక్షణకు బిగించిన లెడ్ ప్లగ్ (సీసపు బిరడా) కరగాలి. అది కరిగేదాకా రానిచ్చిన ఫైర్‌మన్‌కు మళ్లీ పార ఇవ్వకూడదని నా అభిప్రాయం. బాయిలర్‌లోకి నీరు ఎక్కించే ఇంజెక్టర్ ఒక్కోసారి నీరు తీసుకోదు. కొత్తవాళ్లు వాల్వును తిట్టుకుంటారు. చాలాసార్లు కారణం ట్యాంకులో నీరు వెచ్చబడటం. ఇంజెక్టర్‌కు చల్లటి నీళ్లే కావాలి.

ప్రయాణికుల సంగతిలో ఇంకో వింత వారసత్వం ఉంది. 1866లో ప్రభుత్వ తనిఖీ అధికారి కెప్టెన్ టైలర్ వచ్చి చూస్తే వంతెనల కింద పెట్టెకూ గోడకూ మధ్య చోటు మరీ తక్కువగా ఉంది. తలుపు తెరుచుకుంటే దిగే దారే లేదు. వంతెనలు పగలగొట్టలేక, పట్టాలను ఒక పక్కకు జరిపి, పెట్టెలకు ఒక వైపు తలుపులు శాశ్వతంగా మూయించారు. ప్లాట్‌ఫారాలన్నీ అందుకే ఒకే వైపు. వాలంటీరు గార్డులకు ఇది మొదటి రోజు పాఠం. థామస్ ట్యాంక్ ఇంజన్ కథలు రాసిన ఆడ్రీ కూడా అక్కడ తొలినాళ్లలో వాలంటీరు గార్డే. పిల్లలకు బొమ్మ కొనిపెట్టే మనవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

జనంతో వచ్చే తలనొప్పి ఏంటంటే, వాలంటీరు శనివారం వస్తాడు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతాడు. బాయిలర్ వాషౌటు వారం మధ్యలో పడుతుంది. బాయిలర్ చల్లారాక నీరు దించి, ప్లగ్గులన్నీ విప్పి, మూలల్లో పేరుకున్న మడ్డిని కడ్డీతో కదిలించి, గొట్టంతో కడగాలి. ఫోటో దిగే పని కాదది. అందుకే మొదటి రెండు వేసవులూ రోల్ట్ స్వయంగా మేనేజరుగా అక్కడే కూర్చున్నాడు, 1951లో మెకానికల్ పనులకు డేవిడ్ కర్వెన్ ఉన్నాడు, పాత కంపెనీలో మేనేజరుగా చేసిన ఎడ్వర్డ్ థామస్ అండ ఉంది. వారమంతా ఉండే కొద్దిమంది లేకుండా వాలంటీర్ల రైలు ఎక్కడా నిలవదు. నిలిచిందని ఎవరైనా అంటే నమ్మను.

ఇక మన నౌపడా లైను. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి అది. 1900లో నౌపడా–పర్లాకిమిడి తెరిచారు, 1931 నాటికి గుణుపురం చేరింది. ఇప్పుడది బ్రాడ్‌గేజి. ఆ ఊళ్లకు కావాల్సింది కూడా అదే, దానికి ఏడ్చి లాభం లేదు. అక్కడ రైలు జనం అవసరం. టాలిలిన్‌లో 1951 నాటికి పలకరాయి పోయి, మిగిలింది సెలవులకు వచ్చేవాళ్లే. మార్చేటప్పుడు ఏ రెండు మూడు మైళ్లో పక్కన వదిలి, గేజి మార్చకుండా ఉంచి ఉంటే కుదిరేదేమో. పట్టాలు పీకాక ఆ మాటకు అర్థం లేదు.

స్టేషన్ల ముందు దిమ్మె మీద నిలబెట్టిన ఇంజన్లున్నాయి కదా, వాటిని నడపొచ్చు కదా అని కొందరంటారు. ఏటా రంగు పూసి లైట్లు చుట్టినంత మాత్రాన ఇంజను బతికున్నట్టు కాదు. ముందు స్మోక్‌బాక్సు అడుగు సుత్తితో తట్టి చూడండి. బూడిద, వాన నీరు కలిసి మొదట తినేది దాన్నే. తర్వాత ట్యూబులన్నీ పీకి బాయిలర్ లోపలి ప్లేటు మందం కొలిపించండి, ఫైర్‌బాక్సు స్టేలలో (ప్లేట్లను కలిపి పట్టుకునే కడ్డీలు) ఎన్ని విరిగాయో లెక్కపెట్టండి, ఆపైన నీటి పీడన పరీక్ష. ఇవన్నీ గట్టెక్కితే, అప్పుడు పట్టాల సంగతి అడగండి.