ఆల్బుమిన్ పడిపోయినప్పుడు పేగు సంగతి మరవకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఐసీయూ బాధ్యతలు చేపట్టావని తెలిసి చాలా సంతోషించాను. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో చేరిన రోగుల్లో సీరం ఆల్బుమిన్ (కాలేయం తయారుచేసే, రక్తంలో ఉండే ప్రోటీన్) డెసిలీటరుకు 2 గ్రాములకు పడిపోయిన రిపోర్టులు నీకు తరచూ ఎదురవుతాయి. పోషకాహార లోపమనో, కాలేయం దెబ్బతిన్నదనో రాసేసి ఊరుకోవద్దు. ఇన్ఫెక్షన్‌లో కాలేయం ఆల్బుమిన్ తయారీని తగ్గించే మాట నిజమే. కానీ రక్తంలోని ఆల్బుమిన్ సగం తరగడానికి సుమారు 20 రోజులు పడుతుంది కనుక, తయారీ పూర్తిగా ఆగిపోయినా రెండు మూడు రోజుల్లో అంతగా పడిపోదు. అలా పడిపోయిందంటే, ఎక్కించిన సెలైన్‌తో రక్తం పలచబడి ఉండాలి, లేదా ఆల్బుమిన్ ఎటో కారిపోతూ ఉండాలి.

రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరడం అందరికీ గుర్తుంటుంది; మూత్రంలో పోతోందా అన్నది చిన్న పరీక్షతో తేలిపోతుంది. మరచిపోయేది పేగునే. ఇన్ఫెక్షన్‌తో పేగు లోపలి పొర పుండుపడినా, రక్తప్రసరణ తగ్గి చెడినా ప్రోటీన్ అక్కడి నుంచి పోతుంది. విరేచనాలు లేనంత మాత్రాన ఆ అనుమానం వదులుకోకు. జీర్ణరసాలు ఆల్బుమిన్‌ను విడగొట్టేస్తాయి కాబట్టి మలంలో దానికోసం వెతికి లాభం లేదు. ఆ రసాలకు అంతగా లొంగని ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే మరో రక్త ప్రోటీన్‌ను 24 గంటల మలంలోనూ, ఆ వ్యవధిలోనే తీసిన రక్తంలోనూ కొలిపించి, క్లియరెన్స్ (అది రక్తం నుంచి పేగులోకి పోతున్న వేగం) లెక్కగట్టు. పేగులో రక్తస్రావం ఉంటే మాత్రం ఆ ఫలితాన్ని నమ్మవద్దు. యాంటీబయాటిక్స్ వాడుతుండగా విరేచనాలు మొదలైతే పేగును దెబ్బతీసే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పరీక్షకు ఆలస్యం చేయకు.

మంచం మీదున్న రోగికి పాదాలు మాత్రమే చూసి వాపు లేదని రాయవద్దు. పక్కకు తిప్పించి, నడుము దిగువ ఎముక మీద బొటనవేలితో కాసేపు అదిమి చూడు. నీరు చేరేది అక్కడే.

అంకె పెంచడం కోసమే ఆల్బుమిన్ సీసాలు ఎక్కించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. తీవ్రమైన సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) రోగుల మీద జరిగి 2014లో వెలువడిన ఆల్బియోస్ పరిశోధనలో కూడా దానివల్ల 28 రోజుల మరణాలు తగ్గలేదు. ఇన్ఫెక్షన్ మూలాన్ని పట్టుకో. రక్తపోటు నిలకడపడ్డాక, పేగు అనుమతిస్తే, 24 నుంచి 48 గంటల్లోపే ముక్కు గొట్టం ద్వారా ఆహారం మొదలుపెట్టు. ఆల్బుమిన్ తక్కువున్నప్పుడు మొత్తం కాల్షియం తక్కువగా కనిపిస్తుంది కాబట్టి అయనైజ్డ్ కాల్షియం (ఆల్బుమిన్‌కు అంటుకోకుండా విడిగా ఉండేది) చూసిన తర్వాతే మందు రాయి. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ వాడుతున్నవారికైతే, అది కూడా ఆల్బుమిన్‌కు అంటుకునే మందే కనుక, రక్తంలో మొత్తం మందు స్థాయి మామూలుగా కనిపిస్తూనే మందు విషప్రభావం చూపవచ్చు.

సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ తీవ్రతను చూపే రక్తపరీక్ష అంకె) దిగడం మొదలైన తర్వాత కూడా ఆల్బుమిన్ కోలుకోవడానికి వారాలు పట్టవచ్చని రోగి బంధువులకు ముందే నెమ్మదిగా వివరించు.