సైకాలజిస్టు దగ్గర మొదటి రోజు ఏం అడుగుతారు?

నాకు 34 ఏళ్లు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. నాన్న పోయి ఏడాదైంది. అప్పటినుంచీ రాత్రి రెండింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. మా డాక్టరు సైకాలజిస్టును కలవమంటే శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అమ్మేమో ‘పిచ్చి డాక్టరు దగ్గరికా?’ అంటోంది. అక్కడ అన్నీ చెప్పాలా? ఆఫీసులో తెలిసిపోతుందా?
- ఓ సోదరి

ఏడాదిగా సరైన నిద్ర లేకుండా ఇల్లూ ఉద్యోగమూ నెట్టుకొస్తున్నారు. వెళ్లడం మానకండి.

మొదటి రోజు చాలావరకు మీ గురించి తెలుసుకోవడానికే సరిపోతుంది. ముందు ఒక ఫారం ఇస్తారు. వయసు, వాడుతున్న మందులు, థైరాయిడ్ లాంటివేమైనా ఉన్నాయా, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి... ఇలాంటివే. తర్వాత ముప్పావు గంటో, గంటో మాటలు. నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరెవరుంటారు, నాన్నగారు ఎలా పోయారు అని అడుగుతారు. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ అనీ సూటిగా అడగొచ్చు. ఉలిక్కిపడకండి, మామూలుగా అందరినీ అడిగే ప్రశ్నే అది. దానికి మాత్రం దాచకుండా చెప్పండి. మిగతావాటిలో మనసొప్పనిది ఉంటే ‘ఇది ఇవాళ వద్దండీ’ అనేయొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే నాకు రాసిన ఈ నాలుగు ముక్కలే చదివి వినిపించండి. ఏడుపొస్తే ఏడవండి, ఆ టేబుల్ మీద టిష్యూల డబ్బా పెట్టేది అందుకే.

మీ వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఆదేశం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. ఆఫీసుకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

సైకాలజిస్టులు మందులు రాయరు. అవసరమనుకుంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, మొహమాటం వద్దు. ఫీజు ఎంత, ఎన్నాళ్లకోసారి రావాలి అన్నవీ అప్పుడే తేల్చుకోండి.

ఇంటికొచ్చాక తేలికపడకపోగా ఇంకాస్త బరువుగా అనిపించవచ్చు. తవ్విన గాయం కదా. ఆ సాయంత్రం పెళ్లిళ్లూ పేరంటాలూ పెట్టుకోకండి. రెండు మూడు సార్లు వెళ్లాకా ఆ మనిషితో పొసగకపోతే నిక్షేపంగా మార్చుకోవచ్చు.

అమ్మగారితో వాదించకండి. ‘నిద్ర పట్టట్లేదంటే డాక్టరే పంపారు’ అంటే సరి. ఆవిడా భర్తను పోగొట్టుకున్నారు. ఎలా పడుకుంటున్నారో ఓసారి ఆవిణ్నీ అడగండి.

శనివారం లోపు ఏ రాత్రయినా మరీ భరించలేనట్టుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం. తెలుగులో మాట్లాడతారు.