కమాండో కంటే ముందు సిపాయి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మావాడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. కాలువలో ఈత బాగా కొడతాడు. రోజంతా ఫోన్లో నేవీ కమాండోల (మార్కోస్) వీడియోలు చూస్తూ కమాండో అవుతానంటాడు. పొద్దున్న ఎనిమిదైనా లేవడు. ‘డైరెక్ట్ కమాండో బ్యాచ్’ అంటూ ఒక కోచింగ్ వాళ్లు లక్ష రూపాయలు అడుగుతున్నారు. వీడికి క్రమశిక్షణైనా వస్తుందని ఆశ. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. నేవీలో మార్కోస్‌కు గానీ, ఆర్మీలో పారా స్పెషల్ ఫోర్సెస్‌కు గానీ పిల్లల్ని నేరుగా పంపే వీలు ఏ కోచింగ్ సెంటరుకూ లేదు. ముందు నావికుడో, సిపాయో, ఆఫీసరో కావాలి. ఆ తర్వాత తనంతట తానే పేరివ్వాలి. ఎన్‌ఎస్‌జీకైతే (జాతీయ భద్రతా దళం) ఆర్మీ నుంచీ కేంద్ర బలగాల నుంచీ డెప్యుటేషన్ మీద వెళతారు.

ఇక మీ ఆశ సంగతి. అలాంటి దళం మనిషిని బాగుచేసే షెడ్డు కాదండీ. ముందే అలవాటు పడ్డవాణ్ణి తీసుకుని ఇంకా గట్టిగా పరీక్షిస్తుంది. పారా ప్రొబేషన్‌లో, అంటే దళంలోకి తీసుకునే ముందు పరీక్షించే రోజుల్లో, ఇక చాలనుకున్నవాడు ఆ మాట చెప్పి తన యూనిట్‌కి వెళ్లిపోవచ్చు, ఎవరూ బతిమాలరు. కేకలేసి లేపేవాళ్లుంటే ఎవడైనా లేస్తాడు. ఒళ్లు హూనమయ్యాక, ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తాడన్నదే అక్కడి లెక్క. ఉప్పునీళ్లలో డైవింగ్ చేసి వచ్చినవాడు ఎంత నిద్ర ముంచుకొస్తున్నా సామాను మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టాకే పడుకోవాలి. ఆ రోజు బద్ధకిస్తే రేపు నీళ్లలో ఆ సామాను మొరాయించి పక్కవాడి ప్రాణం మీదకు రావచ్చు. వీడియోల్లో ఈ కడగడం చూపించరు, లైకులు రావు కదా!

అందుకని మీవాడికి ఇప్పుడే ఒక పని అప్పజెప్పండి. అయిదింటికి లేచి కాలువ గట్టు మీద పరుగు, వచ్చాక బూట్ల బురద తనే కడుక్కోవడం. మీరు లేపొద్దు, అమ్మగారు అసలే లేపొద్దు. రెండు నెలలు సాగితే అప్పుడు కూర్చుని మాట్లాడదాం. ఆర్మీ అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు, పది పుల్‌అప్స్‌కు 40. గడియారం పెట్టుకుని పరుగెత్తమనండి. అగ్నివీర్ కాలం నాలుగేళ్లే, ఆ తర్వాత కొనసాగించేది 25 శాతం వరకే అని కూడా వాడికి తెలియాలి. ఎంపీసీ చదువుతున్నాడు కాబట్టి ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయించండి, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అది ఆఫీసర్ దారి. లెక్కలు మాత్రం గట్టిగా చదవాలి.

ఈత ఉపయోగమే. కానీ ఊపిరి బిగబట్టే పందేలు ఒంటరిగా వద్దు. నీళ్లలోనే స్పృహ తప్పొచ్చు, లాకుల దగ్గరైతే మరీ ప్రమాదం.

ఖర్చు పెట్టాలనుకుంటే అమలాపురంలో కంటి డాక్టరుకు చూపించండి. రంగులు సరిగ్గా గుర్తుపడుతున్నాడో లేదో ముందే తేలిపోతుంది. నిలబడినప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో కూడా చూడండి. అభిమాన హీరో పేరు భుజం మీద పచ్చబొట్టు వేయించుకునే ఆలోచన ఉంటే ఇవాళే మాన్పించండి, మెడికల్‌లో దానికీ తీసేస్తారు. కోచింగ్ వాళ్లకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, రసీదు పట్టుకుని వెళ్లి వెనక్కి అడగండి.