సమాధానం: హెవీ లైసెన్స్, ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) రెండూ ఉన్నా పోలండ్ కంపెనీ ఎందుకు వద్దంటోంది

కోడ్ 95, అంటే యూరప్‌లో ప్రొఫెషనల్ లారీ డ్రైవర్లకి ఉండాల్సిన క్వాలిఫికేషన్, అది లేక ఆగుంటుంది అన్నా. బెంగళూరు పీణ్యలో పదేళ్లు ట్రైలర్ తోలాను, ఐడీపీ కూడా తీశాను అన్నారు కదా, కానీ ఐడీపీ అంటే మన లైసెన్స్‌కి ట్రాన్స్‌లేషన్ లాంటిదే, యూరప్‌లో జీతానికి లారీ తోలాలంటే ఈ క్వాలిఫికేషన్ వేరేగా ఉండాలి.

1. ట్రైనింగ్ ఫుల్ కోర్సు 280 గంటలు, షార్ట్‌ది 140, చివర్లో పరీక్ష. ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకి 35 గంటలు.

2. చాలామంది మిస్ అయ్యేది ఇదే. మనలాంటి బయటి దేశం వాళ్లు ఆ ట్రైనింగ్‌ని ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఉన్న దేశంలోనో, వర్క్ పర్మిట్ ఇచ్చిన దేశంలోనో చెయ్యాలి. బెంగళూరులోనే కోడ్ 95 ఇప్పిస్తామనే ఏజెంట్‌కి దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఫీజు ఎవరు కడతారు, ట్రైనింగ్ అయ్యేదాకా జీతం వస్తుందా, ఈ రెండూ కాంట్రాక్ట్‌లో రాయించుకున్నాకే టికెట్ కొనండి, మా కజిన్ అది అడక్కుండా వెళ్లి రెండు నెలలు అప్పుచేసి తిన్నాడు.

3. డ్రైవర్ అటెస్టేషన్‌కి (బయటి దేశం డ్రైవర్‌ని చట్టప్రకారమే పెట్టుకున్నామని చూపించే కాగితం) అప్లై చెయ్యాల్సింది కంపెనీ, మీరు కాదు. బోర్డర్ దాటే లోడ్ ఎక్కితే దాని ఒరిజినల్ మీ దగ్గరే ఉండాలి.

ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడో లేదో మన కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో చూడండి.