9.3 సీజీపీఏ ఉన్నా ఎంఐటీ ఎందుకు వద్దంది?

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాసిన ప్రశ్న ఇది, కాస్త కుదించాను: "మావాడు సీఎస్ఈ ఫైనలియర్, సీజీపీఏ 9.3, జీఆర్ఈ 331. ఎంఐటీలో పీహెచ్‌డీకి, స్టాన్‌ఫర్డ్‌లో ఎంఎస్‌కి అప్లై చేస్తే రెండూ రిజెక్ట్ అయ్యాయి. వాడి సీనియర్‌కి 8.1 మాత్రమే, ఏడాదిన్నర ట్రిపుల్ ఐటీలో ఏదో ల్యాబ్‌లో పనిచేశాడంతే, అతనికి ఎంఐటీలో వచ్చింది. ఇదెక్కడి న్యాయం? మళ్లీ చూడమని అడగొచ్చా? ఇంకోచోట పీహెచ్‌డీ వెయిట్‌లిస్ట్‌లో ఉన్నాడు. ఒక ఎంఎస్ సీటు చేతిలో ఉంది కానీ ఏప్రిల్ 5లోపు డిపాజిట్ కట్టమంటున్నారు. కట్టాలా, ఆగాలా?"

మీ ప్రశ్నలోనే జవాబు ఉందండి, "ల్యాబ్‌లో పనిచేశాడంతే" అన్నారు చూడండి, అక్కడ.

మనకు ఎంసెట్ అలవాటు. ర్యాంకు వస్తే సీటు వస్తుంది, పై ర్యాంకువాడిని వదిలేసి కింది ర్యాంకువాడికి ఇస్తే కోర్టుకెళ్లొచ్చు. ఎంఐటీ పీహెచ్‌డీలో ఆ లెక్కే లేదు. అప్లికేషన్లు చదివేది ఆ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్లే, వాళ్లు చూసేది ఈ కుర్రాణ్ని ఐదారేళ్లు మనతో పెట్టుకుని, ఫీజు కట్టి, స్టైపెండ్ ఇచ్చి, జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న మీద పనిచేయించగలమా అని. మీవాడు అప్లై చేసిన ఈఈసీఎస్ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్) డిపార్ట్‌మెంట్ బయటివాళ్లను ఒట్టి మాస్టర్స్‌కి తీసుకోదు, పీహెచ్‌డీ చేసేవాళ్లనే తీసుకుంటుంది. జీఆర్ఈ అయితే అసలు అడగదు. అంటే కోచింగ్‌కి డబ్బు పోసి తెచ్చుకున్న ఆ 331 అక్కడ లెక్కలోకే రాలేదు.

మీరు పంపిన ఫైళ్లు చదివాను. మూడు రికమండేషన్ లెటర్లూ మీవాడే రాసుకుని సంతకాలు పెట్టించుకున్నట్టు తెలిసిపోతోంది, మన కాలేజీల్లో ఇది మామూలే, మీవాడొక్కడి తప్పని అనను. కానీ ప్రిన్సిపాల్, హెచ్ఓడీ, క్లాస్ టీచర్ ముగ్గురూ "క్రమశిక్షణ గలవాడు, క్లాసులో ముందుంటాడు" అనే రాస్తే అందులో కొత్తగా తెలిసిందేముంది, మార్కుల మెమో ఎలాగూ ఉంది కదా. ఆ సీనియర్ కుర్రాడికి లెటర్ రాసినాయన బహుశా అతని పక్కన కూర్చుని పనిచేసినవాడు, ఈ ప్రయోగం మూడుసార్లు ఫెయిలైనా వదల్లేదు, ఫలానా ఐడియా ఇతనిదే అని రాయగలడు. ఆ ఒక్క లెటర్ ముందు 8.1కీ 9.3కీ ఉన్న తేడా నిలవదు. ఇక ఎస్ఓపీలో, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నాడో తనే రాసే వ్యాసంలో, మొదటి పేజీ అంతా చిన్నప్పుడు కంప్యూటర్ మీద పుట్టిన ఇష్టమే. ఏ సమస్య మీద, ఎవరితో పనిచేయాలనుకుంటున్నాడో ఎక్కడా లేదు. ఇది కన్సల్టెన్సీ మూస అని నా అనుమానం, అమీర్‌పేటలో అచ్చం ఇలాంటివి బోలెడు చూశాను.

స్టాన్‌ఫర్డ్ సంగతి వేరు. అది కోర్సు వర్కుతో చేసే ఎంఎస్, అక్కడ మార్కులకు విలువ ఉంది, కాకపోతే అంతే మార్కులున్నవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచీ 125 డాలర్ల అప్లికేషన్ ఫీజు కట్టి లైన్లో ఉంటారు. ఎవరినో ఒకరిని ఆపాలి కాబట్టి ఆపుతారు, ఇందులో వెతకడానికి పెద్ద కారణాలేం ఉండవు.

డబ్బు విషయం కూడా మర్చిపోకండి. 2025లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధులకు కోత పెట్టడంతో చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్నాయి, కొన్నిచోట్ల ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకున్నారు. ప్రొఫెసర్‌కి నచ్చినా గ్రాంటు లేక తీసుకోలేని పరిస్థితి ఉంటుంది, ఆ మాట రిజెక్షన్ మెయిల్లో ఎవరూ రాయరు.

మళ్లీ చూడమని అడగడం దండగ. ఇలాంటి చోట్ల నిర్ణయం మారదు, విడిగా కారణాలూ చెప్పరు. ప్రొఫెసర్లకు మెయిళ్లు పెట్టి విసిగించకండి, వచ్చే ఏడాది మళ్లీ అదే తలుపు తట్టాల్సి రావచ్చు.

ఇక డిపాజిట్. అమెరికాలో గ్రాడ్యుయేట్ స్కూళ్ల కౌన్సిల్ పెట్టుకున్న ఏప్రిల్ 15 ఒప్పందం ఒకటుంది. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీలు, ఫండింగ్‌తో ఆఫర్ ఇచ్చిన విద్యార్థిని ఆ తేదీ లోపే జవాబు చెప్పమని బలవంతం చేయకూడదు. అందుకే రెండు మూడు ఆఫర్లు పట్టుకున్నవాళ్లు చివరిదాకా లాగి ఆఖరి రెండు మూడు రోజుల్లో వదులుతారు, వెయిట్‌లిస్ట్ కదిలేదీ అప్పుడే. కానీ మీ చేతిలో ఉన్నది సొంత డబ్బుతో చదివే ఎంఎస్, ఈ ఒప్పందం దానికి వర్తించదు, కాబట్టి వాళ్లు ఏప్రిల్ 5 అంటే 5నే. డిపాజిట్ గడువు రెండు వారాలు పొడిగిస్తారా అని మెయిల్ పెట్టి చూడండి, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, ఆ డిపాజిట్ పోయినా మీకు ఇబ్బంది లేనంత చిన్నదైతే కట్టేయండి. అంతేగానీ ఈ టెన్షన్‌లో ఇల్లు తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోన్ మీద సంతకం మాత్రం ఇప్పుడే చేయొద్దు, ఏప్రిల్ 15 దాటాక ఆలోచిద్దాం.

వెయిట్‌లిస్ట్ కూడా కదలకపోతే, మీవాడికి నిజంగా రీసెర్చ్ మీదే మనసుంటే, ఆ ఎంఎస్ కన్నా హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనో ఏదైనా ఐఐటీలోనో రీసెర్చ్ ఎంఎస్, లేదా బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ల ఫెలో ఉద్యోగం లాంటివి మేలని నా అభిప్రాయం. ఏడాదో రెండేళ్లో పనిచేస్తే ఆ లెటర్ దానంతటదే వస్తుంది. మనసు లేకపోతే, అంటే కావాల్సింది అమెరికా ఉద్యోగమే అయితే, ఎంఎస్‌కే వెళ్లనివ్వండి, అందులో తప్పేం లేదు, కాకపోతే ఆ మాట వాడి నోటి నుంచే వినండి. మీరు నాకు ఇంత పెద్ద ఉత్తరం రాశారు, వాడికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు.

వెయిట్‌లిస్ట్ పెట్టిన యూనివర్సిటీకి ఈ వారమే నాలుగు వాక్యాల మెయిల్ వెళ్లాలి: ఇంకా ఆసక్తి ఉంది, ఈ సెమిస్టర్‌లో ఈ ప్రాజెక్ట్ పూర్తిచేశాను, ఆఫర్ వస్తే వెంటనే జవాబిస్తాను, నిర్ణయం ఎప్పటికి తెలుస్తుంది అని. మీవాడే రాయాలి, వాడి మెయిల్ ఐడీ నుంచే వెళ్లాలి.