పాఠాలు చెప్పిన ఊరే నియోజకవర్గం

సందేహం: నేను వరంగల్‌లో ఎమ్మెస్సీ చదివి, భర్త ఉద్యోగరీత్యా హెచ్-4 వీసా మీద వర్జీనియాకు వచ్చాను. పని అనుమతి దొరికాక ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల చదువుల స్థానిక కళాశాల) గణితం బోధిస్తున్నాను. హైదరాబాదులో పుట్టిన గజాలా హాష్మీ గారు అధ్యాపకురాలిగా ఉండి ఈ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నరు తరువాతి పదవి) అయ్యారు కదా, నావంటి వారికి ఆ దారి తెరిచి ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: దారి తెరిచే ఉంది, అయితే మీరు చూస్తున్న చోట మొదలుకాదు. హాష్మీ గారు 1964లో హైదరాబాదులో పుట్టి, మలక్‌పేటలోని అమ్మమ్మ, తాతయ్యల ఇంట పసితనం గడిపి, 1969లో నాలుగేళ్ల వయసులో జార్జియా రాష్ట్రానికి వచ్చారు. తండ్రి అక్కడ విశ్వవిద్యాలయ అధ్యాపకుడిగా స్థిరపడుతున్న రోజులవి. మనలాగా వీసా ముద్ర కోసం, గ్రీన్ కార్డు వరుస కోసం ఎదురుచూస్తూ ఆమె యౌవనం గడవలేదు. ఈ తేడా చెప్పకుండా ఆమెను ఆదర్శంగా చూపిస్తే మీకు అన్యాయం చేసినట్లవుతుంది.

ఆమె జీవితంలో మీరు గమనించవలసిన భాగం ఆ తరువాతిది. జార్జియా సదరన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఎమరీ విశ్వవిద్యాలయంలో అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ పూర్తిచేసి, 1991లో భర్తతో కలిసి రిచ్‌మండ్ ప్రాంతానికి వచ్చిన ఆమె, మొదట రిచ్‌మండ్ విశ్వవిద్యాలయంలో, ఆ తరువాత రేనాల్డ్స్ కమ్యూనిటీ కాలేజీలో మొత్తం దాదాపు ముప్ఫై ఏళ్లు బోధనలోనే గడిపారు. 1991లో వచ్చినవారు బ్యాలెట్ పత్రం మీద మొదటిసారి తమ పేరు చూసుకున్నది 2019లో. ఆ మధ్యలోని 28 ఏళ్లలో ఆమె ఏ పదవికీ పోటీ చేయలేదు. నన్నడిగితే ఆమె ప్రచారంలో ఎక్కువ భాగం ఆ కాలంలోనే, తనకు తెలియకుండానే, జరిగిపోయింది.

కమ్యూనిటీ కాలేజీ అంటే మన పెళ్లి సంబంధాల మాటల్లో పేరు చెప్పడానికి కాస్త మొహమాటపడే చోటు. కానీ ఒక కౌంటీలో (మన జిల్లా వంటి విభాగం) ఎవరికి ఏ లోటు ఉందో తెలుసుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే తరగతికి వచ్చే నర్సింగ్ విద్యార్థిని, ఫ్యాక్టరీ మూతపడ్డాక నలభై అయిదో ఏట మళ్లీ భిన్నాలు నేర్చుకునే తండ్రి, బస్సు తప్పిపోతే పరీక్ష తప్పిపోయే కుర్రవాడు, వీళ్లందరూ మీ హాజరు పట్టీలో ఉన్నారు. పిల్లల సంరక్షణ ఖర్చు, మందుల ధర, బస్సు మార్గం వంటి రాష్ట్ర సమస్యలు సభలో ప్రస్తావనకు రాకముందే మీ తరగతి గదిలో గైర్హాజరు రూపంలో కనిపిస్తాయి. హాష్మీ గారు 2024లో రాష్ట్ర సెనేట్ (శాసనసభ ఎగువ సభ) విద్య, ఆరోగ్య సంఘానికి అధ్యక్షురాలయ్యారంటే అది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

2017లో కొన్ని ముస్లిం దేశాల ప్రయాణికులపై కేంద్ర ప్రభుత్వం విధించిన నిషేధం తనను రాజకీయాల వైపు నెట్టిందని ఆమె బహిరంగంగానే చెప్పారు. రిచ్‌మండ్ నగరంలో కొంత భాగం, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో కొంత భాగం, పౌహటన్ కౌంటీ మొత్తం కలిసిన పదో సెనేట్ జిల్లాలో (ఇక్కడ నియోజకవర్గాన్ని జిల్లా అంటారు), పదవిలో ఉన్న రిపబ్లికన్ గ్లెన్ స్టర్టెవంట్‌ను 2019లో ఓడించి, వర్జీనియా సెనేట్‌లో తొలి ముస్లిం, తొలి దక్షిణాసియా సభ్యురాలు అయ్యారు. 2025 జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నరు పదవికి ఆరుగురు పోటీ చేసిన డెమోక్రటిక్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక) ఆమెకు 27 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి, రెండో స్థానంలో ఉన్న మాజీ మేయరుకూ ఆమెకూ తేడా ఒక్క శాతం కూడా లేదు. నవంబరులో గెలిచి, 2026 జనవరి 17న ప్రమాణ స్వీకారం చేశారు. అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆమె. నలభై మంది సెనేటర్ల సభకు ఆమె ఇప్పుడు అధ్యక్షత వహిస్తారు, ఓట్లు సమానమైతే తన ఓటు వేస్తారు.

ఇక్కడ మనవాళ్లు పొరబడే విషయం ఒకటుంది. రాజకీయ ప్రవేశమంటే మన తెలుగు సంఘం వార్షికోత్సవ వేదిక మీద అభ్యర్థికి శాలువా కప్పి, ఫోటో దిగి, విందుకు చెక్కు రాయడమని చాలామంది భావన. ఆ సభలో కూర్చున్న ఐదు వందల మందిలో మీ జిల్లా ఓటర్లు ఎందరో ఒకసారి లెక్కవేసుకోండి. మిగిలిన వారు చుట్టుపక్కల నాలుగు కౌంటీల నుండి పులిహోర కోసం, పిల్లల నృత్యం కోసం వచ్చినవారే (నేనూ అందుకే వెళతాను). హాష్మీ గారిని గెలిపించినది హైదరాబాదు కాదు, చెస్టర్‌ఫీల్డ్‌లో తలుపు తీసి మాట్లాడిన మనుషులు.

ఇప్పుడు మీ స్థితిలో చేయగలిగినవి, చేయకూడనివి. ముందు చేయకూడనిది చెబుతాను, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే దిద్దుకోవడం కష్టం. నేను వచ్చిన కొత్తలో డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు, ఇచ్చిన కాగితాల్లో ఓటరు నమోదు గడి కూడా ఉంటే, అన్నిటికీ అవునని పెట్టుకుంటూ దాని దగ్గరికీ వెళ్లిపోయాను. వెనుక వరుసలో నిలబడిన ఒక గుజరాతీ పెద్దాయన చేయి పట్టుకుని ఆపకపోతే ఏమై ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 2020లో చేసిన చట్టం ప్రకారం వర్జీనియాలో లైసెన్సు పని మీద వెళ్లిన అర్హులు, వద్దని చెప్పకపోతే, ఓటర్లుగా నమోదవుతారు. కాబట్టి పౌరులా అన్న ప్రశ్నకు కాదని స్పష్టంగా గుర్తించండి. పౌరులు కానివారు ఓటు వేస్తే దేశం నుండి పంపించివేసే ప్రమాదం ఉంది, పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో ఎప్పుడైనా నమోదయ్యారా, ఓటు వేశారా అని సూటిగా అడుగుతారు.

రెండోది డబ్బు. గ్రీన్ కార్డు లేని హెచ్-1బి (ఉద్యోగ), హెచ్-4, ఎఫ్-1 (విద్యార్థి) వీసాల వారు కేంద్ర, రాష్ట్ర, స్థానిక ఎన్నికల్లో దేనికీ చందా ఇవ్వకూడదు, పది డాలర్లయినా సరే. పౌరుడైన స్నేహితుడి పేరు మీద మీ డబ్బు పంపడం మరో నేరం. గ్రీన్ కార్డు వచ్చాక చందా ఇవ్వవచ్చు, ఓటు మాత్రం ఇంకా ఉండదు. అయితే ప్రతిఫలం తీసుకోకుండా స్వచ్ఛందంగా ఇంటింటికీ తిరగడానికి, ఫోన్లు చేయడానికి మీకు ఇప్పుడే వీలుంది. ప్రచార నిర్ణయాలు, ఖర్చుల నిర్ణయాలు తీసుకునే చోట మాత్రం కూర్చోకండి.

దీనికంటే మీకు ఎక్కువ పనికివచ్చేది శాసనసభ సమావేశాలు. జనవరి రెండో బుధవారం రిచ్‌మండ్‌లో మొదలవుతాయి, సరి సంవత్సరాల్లో 60 రోజులు సాగుతాయి. ఉపసంఘాల విచారణకు ఎవరైనా వెళ్లి, తమకు సంబంధించిన బిల్లు మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. కమ్యూనిటీ కాలేజీల నిధుల మీద గణితం చెప్పేవారు వచ్చి అంకెలతో మాట్లాడితే వింటారు. మీ ఉచ్చారణ గురించి బెంగపడకండి, నిదానంగా మాట్లాడండి, అంతే. తరగతిలో మాత్రం ఏ అభ్యర్థి మాటా ఎత్తవద్దు, విద్యార్థులకు మీ పార్టీ ఏదో తెలియకపోవడమే మీకు గౌరవం.

పోటీ మాటకొస్తే, రాష్ట్ర పదవులకు జన్మతః అమెరికా పౌరులై ఉండనక్కరలేదు, ఆ నియమం అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే. వర్జీనియా సెనేట్‌కు పార్టీ ప్రైమరీలో నిలబడాలంటే జిల్లా ఓటర్ల సంతకాలు 250 కావాలి, రాష్ట్రవ్యాప్త పదవికి 10,000 కావాలి. అప్పటికి మీరు పౌరులై ఉండాలి కాబట్టి భారత పాస్‌పోర్టు వదులుకోవాలి, విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా వరంగల్‌లో ఓటు ఉండదు, అక్కడ కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు. ఈ మాట ఇంట్లో అత్తమామలతో సహా ముందే మాట్లాడుకోవడం మంచిది. హాష్మీ గారు ఎన్నికైనప్పుడు సెనేటరు జీతం ఏడాదికి 18,000 డాలర్లు, దానితో ఇల్లు గడవదు కనుక మరో ఆదాయం ఉండాలి.

పొరుగున మేరీలాండ్‌లో అరుణా మిల్లర్ గారి ఉదాహరణ కూడా చూడండి. ఆమె అధ్యాపకురాలు కారు, రోడ్ల ఇంజనీరు. హైదరాబాదు నుండి 1972లో ఏడేళ్ల వయసులో వచ్చి, 2000లో పౌరసత్వం తీసుకుని, 2010లో శాసనసభకు గెలిచి, 2018లో అమెరికా కాంగ్రెస్ (జాతీయ చట్టసభ) ప్రైమరీలో ఓడి, 2022లో లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. ఆ 2018ని మన పత్రికలు దాటవేస్తాయి, మీరు దాటవేయకండి.

మీ గ్రీన్ కార్డు వరుస ఎంత పొడుగో మీకు తెలుసు, అది వచ్చాక పౌరసత్వానికి సాధారణంగా మరో అయిదేళ్లు. ఈలోగా ఇల్లు మారవలసి వస్తే అదే కౌంటీలో మారేందుకు ప్రయత్నించండి. ఈ నెల మీ కౌంటీ పాఠశాల బోర్డు (ప్రభుత్వ బడులను నడిపే స్థానిక మండలి) సమావేశం ఏ రోజో చూసి, వెనుక వరుసలో కూర్చుని రండి.