ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

ప్రశ్న: విండోస్ 7 ఉన్న మా పాత డెస్క్‌టాప్‌ను వేసవిలో రెండు నెలలు వాడలేదు. ఇప్పుడు ఆన్ చేస్తే తేదీ 2009 అని చూపిస్తోంది. విండోస్ గుర్తు వచ్చీ రాగానే నీలం తెర పడి, 7బి అనే కోడ్‌తో మళ్లీ మొదటికొస్తోంది. షాపులో ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నారు. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. తేదీ తప్పడం, 7బి రావడం రెండూ కలిసి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది మదర్‌బోర్డు మీది సీమాస్ బ్యాటరీని. సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల సెల్ అది. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ బోర్డులోని గడియారం కరెంటు మీద నడుస్తుంది. స్విచ్ ఆపితే భారమంతా సెల్ మీదే. అది అయిపోతే బయాస్ (విండోస్ కన్నా ముందు లేచి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) మీ సెట్టింగులు మరిచిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోతుంది. అలా వెళ్లినప్పుడు సాటా మోడ్, అంటే హార్డ్ డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి కూడా మారిపోవచ్చు. విండోస్ 7ను ఏ మోడ్‌లో ఎక్కించారో, ఆ మోడ్‌కు తగిన డ్రైవర్‌తోనే (డిస్కును నడిపే చిన్న ప్రోగ్రామ్) అది లేస్తుంది. మోడ్ మారితే తన డిస్కునే తాను చదవలేక 7బి చూపించి ఆగిపోతుంది. ఫొటోలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

పవర్ వైరు పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో నిలిచిన కరెంటు పోతుంది. పక్క రేకు విప్పాక, బోర్డును ముట్టుకునే ముందు డబ్బా లోపలి ఇనుప చట్రాన్ని ఓసారి తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. సెల్ అంచున సన్నటి క్లిప్ ఉంటుంది, దాన్ని గోరుతో పక్కకు నొక్కితే సెల్ పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, సాకెట్ విరుగుతుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. మల్టీమీటర్ ఉంటే కొనేటప్పుడే చూసుకోండి, మంచి సెల్ 3 వోల్టులకు పైనే చూపిస్తుంది.

ఇక ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కితే బయాస్ వస్తుంది. తేదీ, సమయం సరిచేయండి. సాటా మోడ్ దగ్గర ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి, ఏహెచ్‌సీఐ అని ఉంటే ఐడీఈకి మార్చి ఎఫ్10తో సేవ్ చేయండి. అటూ ఇటూ మార్చినందుకు ఫైళ్లకేమీ కాదు. కొన్ని కంపెనీ డెస్క్‌టాప్‌లలో రెయిడ్ (డిస్కులను కలిపి నడిపే పద్ధతి) అనే మూడో మోడ్ ఉంటుంది, అదీ చూడొచ్చు. అయితే కొత్త రెయిడ్ వాల్యూమ్ సృష్టించమంటారా అని అడిగితే మాత్రం వద్దనండి. దానికి ఒప్పుకుంటే డిస్కులోవి పోతాయి. అసలు బయాస్‌లో డిస్కు పేరే లేకపోతే, కరెంటు తీసేసి సాటా కేబుల్‌ను రెండు చివరలా ఊడదీసి మళ్లీ గుచ్చండి.

ప్రశ్న: నాన్నగారి పాత విండోస్ 7 ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. ఆయన పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో చేసిన తెలుగు ఫైళ్లు కావాలి.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫైళ్ల వరకైతే పాస్‌వర్డ్‌తో పనిలేదు. వేరే కంప్యూటర్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) డౌన్‌లోడ్ చేసి, రూఫస్ ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. ల్యాప్‌టాప్‌కు పెట్టి ఆన్ చేస్తూ డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. తెర మీద ఇన్‌స్టాల్ అనే బొమ్మ కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. ఫైల్ మేనేజర్‌లో విండోస్ డిస్కు తెరిచి, యూజర్స్ ఫోల్డర్‌నూ డీ డ్రైవ్‌నూ బయటి హార్డ్ డిస్కుకు కాపీ చేసుకోండి. ఎన్‌క్రిప్ట్ చేసిన (రహస్య సంకేతంగా మార్చి తాళం వేసిన) ఫైళ్లు ఇలా తెరుచుకోవు.

చాలామంది మరిచిపోయేది ఫాంట్లు. ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లతో చేసిన ఫైలు, ఆ ఫాంట్లు లేనిచోట ఇంగ్లిషు అక్షరాల ముద్దగా కనిపిస్తుంది. అందుకే విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ కూడా తీసుకోండి. పేజీల్లోని బొమ్మలు చాలాసార్లు విడి ఫైళ్లుగా ఉంటాయి, ఆ ఫోల్డర్లు వదిలేస్తే అచ్చుకు పనికిరావు. పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ ప్రోగ్రామ్ కొత్త సీసీ వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవవు, పాత సీఎస్6 వెర్షన్ తెరుస్తుంది.

విండోస్ రాకముందే, ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగితే అది బయాస్ తాళం. చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ తీసినా పోదు. కొన్న బిల్లుతో కంపెనీ సర్వీసుకే వెళ్లాలి.

ప్రశ్న: కంప్యూటర్ మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతోంది. అప్పుడు లోపల టక్ టక్‌మని శబ్దం. చెక్‌డిస్క్ నడపమంటున్నారు.
– ఓ పాఠకుడు, బళ్లారి

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ శబ్దం హార్డ్ డిస్కు హెడ్‌ది, అంటే డేటా చదివే భాగానిది. చెక్‌డిస్క్ అంటే డిస్కులో తప్పులు వెతికే విండోస్ ప్రోగ్రామ్. దాన్ని ఆర్ స్విచ్‌తో (చివర /r అని చేర్చి) నడిపితే డిస్కు మొత్తం గంటల తరబడి చదువుతుంది, పైగా మరమ్మతు పేరుతో రాస్తుంది కూడా. కొనఊపిరితో ఉన్న డిస్కు ఆ శ్రమకే పోవచ్చు. పై పెన్‌డ్రైవ్ పద్ధతిలోనే, అత్యంత ముఖ్యమైన ఫోల్డర్ మొదట, సినిమాలూ పాటలూ చివర కాపీ చేయండి. శబ్దం ఎక్కువైనా, డిస్కు కనిపించకుండా పోయినా వెంటనే ఆపేసి డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెడితే నడుస్తుందనే సలహా వినొద్దు, లోపల చెమ్మ చేరుతుంది.